సింగిల్ ఎండెడ్ ట్యూబ్ యాంప్ కొనేముందు: వాట్లు, బాక్సులు, ఎండాకాలం

నాలుగు వాట్లు ఒక ఇంటికి సరిపోతాయా? హనుమకొండ వీధుల్లో బరాత్ ముందు నడిచే డీజే బండి మీద వేల వాట్లు రాసుకునే కాలంలో ఈ ప్రశ్న అడిగితే నవ్వుతారు. అయినా సింగిల్ ఎండెడ్ ట్యూబ్ యాంప్లిఫయర్ కొనాలనుకునేవాళ్ళు మొట్టమొదట తేల్చుకోవాల్సింది ఇదే. చాలామంది డబ్బులు కట్టేశాక, యాంప్ ఇంటికొచ్చాక, డోలు దెబ్బ పడగానే శబ్దం చెదిరిపోతుంటే అప్పుడు అడుగుతారు. ఇక్కడ ఆ వరుసను తిరగేద్దాం. ముందు చెవి, తర్వాత బాక్సులు (స్పీకర్లు), తర్వాత ఇంట్లో కరెంటు, ఆఖరున యాంప్.

ఇది ఎలా పనిచేస్తుందో నాలుగు మాటల్లో చెబుతాను, లేకపోతే తర్వాతి లెక్కలు అర్థం కావు. వాల్వు అన్నా ట్యూబ్ అన్నా ఒకటే, పాత రేడియోల్లో వెలిగే గాజు గొట్టం. అందులో స్పీకరును నడిపేది అవుట్‌పుట్ వాల్వు. పుష్ పుల్ యాంప్‌లో రెండు అవుట్‌పుట్ వాల్వులు తరంగాన్ని పంచుకుంటాయి, ఒకటి తోస్తే ఇంకొకటి లాగుతుంది. సింగిల్ ఎండెడ్‌లో ఒక్క వాల్వే తరంగం మొత్తాన్ని మోస్తుంది. అందుకని పాట ఉన్నా లేకపోయినా దాని గుండా కరెంటు నిండుగా పారుతూనే ఉండాలి. బండి ఆగి ఉన్నా ఎక్సలేటర్ సగం తొక్కి పట్టినట్టన్నమాట. దీన్నే క్లాస్ ఎ అంటారు. ఒక 300బి వాల్వు పాతిక వాట్ల దాకా వేడి కింద ఖర్చుపెట్టి స్పీకరుకు ఇచ్చేది సుమారు 8 వాట్లు. 2ఎ3 అయితే మూడున్నర. ఇఎల్84 నాలుగైదు, 6వి6 కూడా అక్కడికక్కడే. ఇఎల్34, కెటి88 ఎలా వాడారన్నదాన్ని బట్టి 5 నుంచి 12 దాకా వస్తాయి. 845 ఇరవై దాటిస్తుంది గానీ దాని ప్లేటు మీద వెయ్యి వోల్టుల దాకా ఉంటుంది. పిల్లలున్న ఇంటికి నేనైతే దాన్ని తెచ్చుకోను.

ఇదేదో విదేశీ సరదా అనుకోకండి. మీ తాతల నాటి మర్ఫీ, బుష్, ఫిలిప్స్ వాల్వు రేడియో అటక మీద ఉంటే, అందులో స్పీకరును నడిపించిన వాల్వు చాలా సెట్లలో ఒక్కటే. అంటే అదీ సింగిల్ ఎండెడే. బెంగళూరులో భారత్ ఎలక్ట్రానిక్స్ ఒకప్పుడు ఈ రేడియో వాల్వులు తయారుచేసేది. ఆ పెట్టెను దించి విప్పుదామని చెయ్యి దురద పెడుతుందేమో, ఆగండి. ఆ రోజుల్లో ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా నేరుగా మెయిన్స్ మీద నడిచే సెట్లు కూడా చాలా వచ్చాయి. వాటిలో లోపలి ఇనుప చాసిస్‌కే ఫేజ్ తగిలి ఉండొచ్చు. తెలిసిన మెకానిక్ లేకుండా ముట్టుకోవద్దు.

మొదటి పని: మీ చెవికి ఎన్ని వాట్లు కావాలో కొలవండి

దీనికి ఇప్పుడు మీ ఇంట్లో ఉన్న మామూలు ట్రాన్సిస్టర్ యాంప్, మీ బాక్సులు, ఒక మల్టీమీటరు చాలు. కొత్తగా కొనాల్సింది ఏమీ లేదు.

మీరు రోజూ కూర్చునే చోట కూర్చుని, ఫోన్ నుంచి బాగా ఇష్టమైన పాట పెట్టి, మీరు వినే అత్యంత ఎక్కువ వాల్యూమ్ దాకా పెంచండి. పక్కింటివాళ్ళు ఊరెళ్ళినప్పుడు పెట్టుకునే వాల్యూమ్ అన్నమాట. ఇప్పుడు ఆ నాబ్‌ను కదపకుండా పాట ఆపండి. యాంప్ ఆపి స్పీకరు వైర్లు తీసేయండి. మళ్ళీ యాంప్ వేసి, అదే ఫోన్ నుంచి అదే దారిలో 120 హెర్ట్జ్ సైన్ టోన్ (మారకుండా వచ్చే ఒకే మోత) ప్లే చేయండి. అది పూర్తి స్థాయి (ఫైలులో పట్టే గరిష్ఠ శబ్దం) కంటే 12 డెసిబెల్‌లు తక్కువగా రికార్డయిన టోన్ కావాలి. ఇలాంటి ఫైళ్ళు ఉచితంగానే దొరుకుతాయి, ఆడాసిటీ లాంటి సాఫ్ట్‌వేర్‌లో మీరే చేసుకోవచ్చు కూడా. మీటరును ఏసీ వోల్టుల్లో పెట్టి యాంప్ స్పీకరు టెర్మినళ్ళ మధ్య కొలవండి.

వచ్చిన వోల్టులను 4తో గుణించి (12 డెసిబెల్‌లు తక్కువంటే వోల్టులు నాలుగో వంతే), దాన్ని దానితోనే గుణించి, స్పీకరు ఓమ్స్‌తో భాగించండి. మీటరు 0.5 చూపిస్తే 2 వోల్టులు, అంటే 8 ఓమ్స్ బాక్సుకు అర వాటు. 1.4 చూపిస్తే సుమారు 4 వాట్లు. 2.1 చూపిస్తే 9కి దగ్గర. 3.5 వస్తే 24 దాటుతుంది. మొదటిసారి చేసినవాళ్ళు సాధారణంగా తక్కువ అంకె చూసి ఆశ్చర్యపోతారు. మూడు వాట్ల లోపు వస్తే మీకు దాదాపు ఏ సింగిల్ ఎండెడ్ అయినా సరిపోతుంది. మూడుకూ ఏడుకూ మధ్య వస్తే 300బి స్థాయిది చూడాలి. పది దాటితే ఈ రకాన్ని మరచిపోయి మంచి పుష్ పుల్ చూడండి, లేదా బాక్సులు మార్చండి.

ఒక హెచ్చరిక. స్పీకరు తీసేసి నడపడం ట్రాన్సిస్టర్ యాంప్‌తో మాత్రమే. ట్యూబ్ యాంప్‌ను స్పీకరు లేకుండా నడిపితే, వాల్వుకూ స్పీకరుకూ మధ్య ఉండే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌లో వోల్టేజీ ఎగిసి, ఇన్సులేషన్ కాలి, వాల్వు కంటే ఖరీదైన భాగం పోతుంది.

ఈ పరీక్షను జనవరిలో చేసి సంతోషపడకండి, మే నెలలో ఇంకోసారి చేయండి. మన దగ్గర ఎండాకాలంలో కూలర్ ఆన్ చేయకుండా ఎవరూ కూర్చోలేరు. దాని హోరు మీదుగా పాట వినిపించాలంటే తెలియకుండానే వాల్యూమ్ పెరుగుతుంది. ఆరు డెసిబెల్‌లు పెంచారంటే నాలుగింతల వాట్లు. డిసెంబరులో ఒక వాటుతో తృప్తిగా విన్న మనిషికే మే నెలలో నాలుగు కావాలి.

రెండో పని: బాక్సుల వెనక రాసిందాన్ని నమ్మకుండా చదవండి

స్పీకరుకు ఒక వాటు ఇస్తే ఒక మీటరు దూరంలో ఎంత శబ్దం వస్తుందో చెప్పేది సెన్సిటివిటీ. మామూలు బుక్‌షెల్ఫ్ బాక్సులు 85 నుంచి 88 డెసిబెల్‌లు. హార్న్ ఉన్న పెద్ద బాక్సులు, పాత పేపర్ కోన్ స్పీకర్లు 95 పైకి వెళ్తాయి. వాట్లు రెట్టింపయితే పెరిగేది 3 డెసిబెల్‌లే, పదింతలైతే 10. అంటే 87 డెసిబెల్‌ల బాక్సుకు 8 వాట్లు ఇస్తే 96 వస్తుంది. 97 డెసిబెల్‌ల బాక్సు ఆ 96ను ఒక్క వాటు కంటే తక్కువతోనే ఇచ్చేస్తుంది. 1930లలో అమెరికా కంపెనీ వెస్టర్న్ ఎలక్ట్రిక్ సినిమా హాళ్ళ కోసం చేసిన 91ఎ యాంప్‌లో అవుట్‌పుట్ వాల్వు ఒక్కటే. హాలును నింపిన ఘనతలో ఎక్కువ భాగం దానికి తగిలించిన హార్న్‌లదే.

కాగితం మీద మోసం ఎక్కడుంటుందంటే, చాలా కంపెనీలు ఒక వాటుకు బదులు 2.83 వోల్టుల దగ్గర కొలిచి రాస్తాయి. 8 ఓమ్స్ బాక్సుకు అది ఒక వాటే. 4 ఓమ్స్ బాక్సుకు మాత్రం రెండు వాట్లు. కాబట్టి 4 ఓమ్స్ అని ఉంటే రాసిన అంకెలోంచి 3 తీసేయండి.

ఇంతకంటే ముఖ్యమైనది, ఎవరూ చెప్పనిది ఇంపిడెన్స్ సంగతి, అంటే కరెంటుకు ఎదురయ్యే అడ్డు, ఓమ్స్‌లో. 8 ఓమ్స్ అని రాసిన బాక్సు నిజానికి ఒక ఫ్రీక్వెన్సీ దగ్గర 4కు దిగి, ఇంకోచోట 30కి ఎక్కుతుంది. ట్రాన్సిస్టర్ యాంప్‌కు ఇది లెక్కలేదు, దాని అవుట్‌పుట్ ఇంపిడెన్స్ దాదాపు సున్నా. ఫీడ్‌బ్యాక్ (అవుట్‌పుట్‌లో కొంత వెనక్కి తెచ్చి తప్పు దిద్దుకునే పద్ధతి) లేని సింగిల్ ఎండెడ్ ట్రయోడ్ (300బి, 2ఎ3 రకం వాల్వు) యాంప్‌కు అది రెండు మూడు ఓమ్స్ ఉంటుంది. రెండున్నర అనుకుని లెక్కేస్తే, అలాంటి బాక్సులో ఎక్కే చోటుకూ దిగే చోటుకూ మధ్య మూడున్నర డెసిబెల్‌ల తేడా వచ్చిపడుతుంది. మీరు టోన్ కంట్రోల్ తిప్పకుండానే ఎవరో తిప్పినట్టు. ‘ట్యూబ్ సౌండ్’ అని మెచ్చుకునేదాంట్లో కొంత భాగం ఇదే. ఒక బాక్సుతో తియ్యగా పాడిన యాంప్ ఇంకో బాక్సుతో ముక్కుతో పాడటానికి కూడా కారణం ఇదే. బాస్‌లో కోన్‌ను పట్టి ఆపే శక్తి కూడా తక్కువ కాబట్టి కింది స్వరాలు కాస్త వదులుగా ఉంటాయి.

కొనే ముందు మీ బాక్సు మోడల్ పేరుతో ఇంపిడెన్స్ గ్రాఫ్ వెతకండి. గీత మరీ ఎగుడుదిగుడుగా లేకుండా, ఎక్కడా 6 ఓమ్స్ కంటే దిగకుండా ఉంటే మంచి జోడీ. దిగేదైతే యాంప్ వెనక 4 ఓమ్స్ అని రాసిన టెర్మినల్‌కు (ట్యాప్) కలిపి విని చూడండి. వాట్లు కాస్త తగ్గినా పట్టు వస్తుంది.

ఈ పాట్లన్నీ పడితే దక్కేదేమిటి?

గొంతు. ఘంటసాల పద్యం, ఎం.ఎస్. సుబ్బులక్ష్మి కీర్తన, ఈమని శంకరశాస్త్రి వీణ లాంటివి సరైన బాక్సుల మీద సింగిల్ ఎండెడ్‌తో వింటే మనిషి ఎదురుగా కూర్చున్నట్టుంటుంది. దీనికి మాయ ఏమీ అక్కర్లేదు. తరంగాన్ని ఇద్దరు పంచుకోవడం లేదు కాబట్టి చేతులు మారే చోట వచ్చే వంకర ఉండదు. శబ్దం తగ్గేకొద్దీ డిస్టార్షన్ (తరంగంలో వచ్చే వంకర) కూడా తగ్గిపోతుంది, కాబట్టి నెమ్మదైన గమకాలు శుభ్రంగా ఉంటాయి. పెరిగేటప్పుడు పుట్టేది ఎక్కువగా రెండో హార్మోనిక్, అంటే అదే స్వరం పై స్థాయిలో. చెవి దాన్ని తప్పుగా కాక నిండుదనంగా తీసుకుంటుంది. పుష్ పుల్‌లో ఈ రెండో హార్మోనిక్ చాలా వరకు రద్దయిపోతుంది.

అయితే అది రికార్డింగ్‌లో లేనిది, యాంప్ కలిపినది. ఉన్నది ఉన్నట్టు వినాలన్నదే మీ పట్టుదల అయితే, ఈ డబ్బులో పదో వంతుకు వచ్చే క్లాస్ డి (చిప్‌తో నడిచే ట్రాన్సిస్టర్ రకం) యాంప్ కొలతల్లో దీన్ని చిత్తుగా ఓడిస్తుంది. ఈ మాట అమ్మేవాళ్ళు చెప్పరు, కొన్నవాళ్ళు ఒప్పుకోరు.

ఒగ్గు కథ రికార్డింగ్ పెట్టి చూడండి, బలహీనత ఎక్కడో తెలిసిపోతుంది. కథకుడి గొంతు అద్భుతంగా ఉంటుంది. డోళ్ళు అందుకోగానే చిన్న యాంప్ చేతులెత్తేస్తుంది. ఇప్పటి సినిమా పాటల బాస్ కూడా అంతే. మీ ఇంట్లో సగం సమయం అలాంటి పాటలే మోగుతాయంటే రెండు ఇఎల్84లు ఒక్కో పక్క ఉండే పుష్ పుల్ యాంప్ తీసుకోండి. 12 వాట్ల పైన వస్తుంది, బాక్సుల ఎంపికలో ఇంత తలనొప్పి ఉండదు.

గది గురించి రెండు మాటలు. మన ఇళ్ళలో షాబాద్ బండలు లేదా టైల్స్, నాలుగు ఉత్త గోడలు, ఒక ఇనుప బీరువా. పై స్వరాలు గదంతా గంతులేస్తాయి. కొత్తవాడలో నేసే వరంగల్ దర్రీలు, 2018లో జీఐ గుర్తింపు వచ్చినవి, మీకూ బాక్సులకూ మధ్య నేల మీద ఒకటి పరిచి, ఎదురు గోడకు ఇంకోటి వేలాడదీస్తే ఆ గలగల తగ్గుతుంది. నూలు దర్రీ పలచన కాబట్టి బాస్‌ను ఏమీ చేయలేదు. బాస్ గుమ్మంటుంటే బాక్సులను మూల నుంచి జరపండి.

మూడో పని: కరెంటు చూసుకోండి

ఇక్కడ తొందరపడొద్దు. యాంప్‌లు చచ్చేది ఇక్కడే.

బయటి నుంచి వచ్చే చాలా ట్యూబ్ యాంప్‌లు 220 వోల్టులకు చుట్టినవి. మనకు ఉండాల్సింది 230. రాత్రి పొలాల మోటార్లు ఆగాక ఊళ్ళలో 250 దాకా ఎక్కడం మామూలే. 220కి చుట్టిన ట్రాన్స్‌ఫార్మర్‌కు 250 ఇస్తే వాల్వును లోపల వేడిచేసే, 6.3 వోల్టులు అందాల్సిన హీటరుకు 7.1 దాటి అందుతుంది. వాల్వు ఆయుష్షు అక్కడే కరుగుతుంది. వారం రోజులు పొద్దున, మధ్యాహ్నం, రాత్రి పదింటికి ప్లగ్‌లో వోల్టేజీ రాసుకోండి. పర్కాల, ములుగు, మంథని వైపు ఊళ్ళలో ఉండేవాళ్ళు తప్పకుండా. అమ్మేవాణ్ణి ట్రాన్స్‌ఫార్మర్‌కు 230 లేదా 240 వోల్టుల ట్యాప్ ఉందా అని అడగండి. అది లేక, వోల్టేజీ కూడా ఊగుతుంటే సర్వో స్టెబిలైజర్ ఖర్చు కూడా యాంప్ ధరలో కలుపుకోండి. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద మాత్రం నడపొద్దు, ట్రాన్స్‌ఫార్మర్ మూలుగుతుంది, బాక్సుల్లో బుర్ర్‌మంటుంది.

ఎర్తింగ్. పాత ఇళ్ళలో మూడు రంధ్రాల సాకెట్ ఉంటుంది, పై రంధ్రంలో వైరే ఉండదు. ఫేజ్‌కూ ఎర్త్‌కూ మధ్య మీటరు పెడితే ఫేజ్, న్యూట్రల్ మధ్య వచ్చినంతే రావాలి. న్యూట్రల్, ఎర్త్ మధ్య ఒకటి రెండు వోల్టులకు మించకూడదు. మీటరు పట్టడం అలవాటు లేకపోతే ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. ఎండాకాలంలో ఎర్త్ గుంతలో నీళ్ళు పోయడం మనవాళ్ళకు తెలిసిన పనే, మరచిపోకండి. ట్యూబ్ యాంప్ లోపల మామూలుగా 300 నుంచి 450 వోల్టుల డీసీ ఉంటుంది, ప్లగ్ పీకాక కూడా కెపాసిటర్లలో కాసేపు నిలిచే ఉంటుంది. హమ్ (బాక్సుల్లో ఆగకుండా వచ్చే మోత) వస్తోందని ఎవరైనా ఎర్త్ పిన్ను కత్తిరించమని సలహా ఇస్తే వినొద్దు. హమ్‌కు ఎక్కువసార్లు కారణం టీవీ కేబుల్ వైరో, చార్జర్ పెట్టిన ల్యాప్‌టాపో. ఒక్కొక్కటే పీకి చూస్తే దొంగ దొరుకుతుంది.

ఖర్చు పెద్దదేమీ కాదు. స్టీరియో 300బి యాంప్ సుమారు 150 వాట్లు లాగుతుంది. రోజూ నాలుగు గంటలు వింటే నెలకు 18 యూనిట్లు. కానీ ఆ 150 వాట్లూ గదిలోకి వేడిగానే వస్తాయి. రామగుండం, ఆదిలాబాద్ వైపు 45 డిగ్రీలు తాకే రోజుల్లో పగలు దాన్ని వేయడం మనకే కాదు, యాంప్‌కూ హింసే. పది డిగ్రీలు పెరిగితే ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ ఆయుష్షు దాదాపు సగమవుతుంది. చెక్క అరలో పెట్టకండి. పైన, చుట్టూ జానెడు ఖాళీ వదలండి. వాల్వు గాజు వంద డిగ్రీలు దాటుతుంది, చిన్న పిల్లలుంటే పై జాలీ తీయొద్దు. ఆ జాలీ బల్లులకు కూడా పనికొస్తుంది. వానాకాలంలో వెచ్చని చోటు వెతుక్కుంటూ వచ్చే బల్లి 400 వోల్టుల మీద పడితే దానికీ నష్టమే, మీకూ నష్టమే.

నాలుగో పని: యాంప్ ఎంచుకోవడం

ముందు ఎత్తి చూడండి. సింగిల్ ఎండెడ్‌లో అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ గుండా డీసీ ఎప్పుడూ ఒకే దిక్కుగా పారుతుంది. ఇనుము అయస్కాంతంగా బిగుసుకుపోకుండా మధ్యలో సన్నని ఖాళీ వదలాలి. అలా వదిలితే బాస్‌కు కావాల్సిన ఇండక్టెన్స్ పడిపోతుంది, దాన్ని పూడ్చడానికి ఇంకా ఎక్కువ ఇనుము, ఎక్కువ రాగి కావాలి. అందుకే మంచిది బరువుగా ఉంటుంది. ఒక చేత్తో లేపగలిగే 300బి స్టీరియో యాంప్‌లో బాస్ ఉండదు, ఎవరు ఏం రాసినా.

ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే అరచేతి సైజు ‘ట్యూబ్ యాంప్’లు ఇవి కావు. వాటిలో ముందు రెండు చిన్న వాల్వులు, కింద నారింజ రంగు ఎల్ఈడీ వెలుగుతుంటుంది, స్పీకరును నడిపేది క్లాస్ డి చిప్. వెనక పెద్ద ట్రాన్స్‌ఫార్మర్లు లేకుండా 100 వాట్లు అని రాసి ఉంటే అదే. తప్పు వస్తువేం కాదు, పేరే తప్పు.

మొదటిసారి కొనేవాళ్ళకు నా మాట: చవక 300బి కంటే మంచి ఇనుముతో (అంటే ట్రాన్స్‌ఫార్మర్లతో), కాస్త ఫీడ్‌బ్యాక్‌తో చేసిన ఇఎల్84 లేదా ఇఎల్34 సింగిల్ ఎండెడ్ మేలు. 300బి పేరుకే వాల్వు ధర ఎక్కువ, చవక యాంప్‌లో ఆ డబ్బు ట్రాన్స్‌ఫార్మర్‌లోంచి కోస్తారు. ఇఎల్34 ఈరోజుకీ స్లొవేకియా, రష్యా, చైనాల్లో తయారవుతోంది, పోతే దొరుకుతుంది. ఫీడ్‌బ్యాక్ ఉంటే బాక్సు ఇంపిడెన్స్ ఆటలు కూడా తగ్గుతాయి. ఫీడ్‌బ్యాక్ అంటేనే పాపం అన్నట్టు మాట్లాడేవాళ్ళను ఎక్కువ పట్టించుకోవద్దు.

వినడానికి వెళ్ళినప్పుడు మీ బాక్సులు తీసుకెళ్ళండి. ఆటో ఖర్చు దండగ కాదు. పాట పెట్టకుండా వాల్యూమ్ సున్నాలో ఉంచి చెవి బాక్సు దగ్గర పెట్టండి. 300బి లాంటి వాటిలో వేడెక్కే తీగే (ఫిలమెంట్) ఎలక్ట్రాన్లు వదిలే క్యాథోడ్ కూడా, దాన్ని ఏసీతో వేడిచేస్తే కాస్త హమ్ ఉంటుంది. రెండడుగుల దూరంలో వినిపించకపోతే చాలు. మీటరుతో చూస్తే 95 డెసిబెల్‌ల పైబడిన బాక్సులకు ఒక మిల్లీవోల్టు దగ్గర ఉండాలి.

ఇంటికి తెచ్చాక

స్పీకర్లు కలపండి, తర్వాతే ప్లగ్. వేసిన పది పదిహేను నిమిషాలకు గొంతు తెరుచుకుంటుంది. మాన్యువల్ బయాస్ (వాల్వు గుండా పారే కరెంటును చేత్తో సర్దే ఏర్పాటు) ఉన్నదైతే అరగంట వేడెక్కాక పుస్తకంలో రాసిన అంకెకు సర్దండి. తనంతట తానే సర్దుకునే సెల్ఫ్ బయాస్ అయితే ముట్టుకునేది లేదు. విననప్పుడు ఆపేయండి. అవుట్‌పుట్ వాల్వులకు రెండు మూడు వేల గంటలు మామూలు ఆయుష్షు, చిన్న వాల్వులు అంతకు ఎన్నో రెట్లు బతుకుతాయి. కరెంటు పోతే వెంటనే యాంప్ స్విచ్ ఆపండి, లేకపోతే తిరిగి వచ్చేటప్పటి కుదుపు నేరుగా దానికే తగులుతుంది. వచ్చాక నాలుగైదు నిమిషాలు ఆగి వేయండి.

ఎప్పుడైనా ఒక పక్క చిటపటలాడినా, శబ్దం తగ్గినా కంగారుపడకండి. ఈ యాంప్‌లో ఉన్నది పక్కకు రెండు మూడు వాల్వులే, సర్క్యూట్ ఒక్క కాగితం మీద పడుతుంది. ఆపి, ప్లగ్ తీసి, అరగంట చల్లారనిచ్చి, ఎడమ కుడి అవుట్‌పుట్ వాల్వులు అటూ ఇటూ మార్చి వేయండి. జబ్బు పక్క మారితే వాల్వుదే. మారకపోతే చిన్న వాల్వులతో అదే చేయండి. అప్పటికీ జబ్బు అక్కడే ఉంటే విప్పే పని మీది కాదు, పాత రేడియోలు చేసిన మెకానిక్‌ది. చిన్న ఊళ్ళలో అలాంటివాళ్ళు తగ్గిపోయారు గానీ, రెసిస్టర్లు, హైవోల్టేజీ కెపాసిటర్ల కోసం హైదరాబాద్ కోఠిలో గుజరాతీ గల్లీ ఉంది. కెపాసిటర్ విలువ, వోల్టేజీ ఫొటో తీసుకుని వెళ్ళండి, 450 వోల్టుల దాని బదులు 400ది అంటగడితే తీసుకోకండి.